సంగీత నిర్మాణానికి కంప్యూటరు: ఎంపికలో వివేకం

1902వ సంవత్సరం నవంబరు మాసంలో కలకత్తా నగరంలో గౌహర్ జాన్ అనే విఖ్యాత గాయని ఒక పెద్ద బూర ముందు నిలిచి పాడినారు. ఆ బూర చివర గల పలుచని పొర ఆమె కంఠధ్వనికి కంపించగా, దానికి అమర్చిన సూది మైనపు పలకపై గీతలు గీసినది. సుమారు మూడు నిమిషాలలో పాట ముగియవలెను. తప్పు దొర్లితే ఆ పలక వృథా. దిద్దుకొనే వీలు లేదు. భారతదేశపు తొలి గ్రామఫోను రికార్డులలో ఆ గీతాలు చేరినవి. నూటయిరవై సంవత్సరాలు గడచిన పిమ్మట కూడా ఆ కంఠాన్ని మనం వినగలుగుతున్నాము.

నాటి బూర నుండి నేటి కంప్యూటరు వరకు ధ్వనిముద్రణ నడచిన బాట సుదీర్ఘమైనది. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ అనే ఇంజనీరు ఐ.బి.ఎం. 704 అనే బృహద్యంత్రం చేత 17 సెకండ్ల సంగీతాన్ని పలికించినాడు. 1983లో వేర్వేరు కంపెనీల వాద్యయంత్రాలు, కంప్యూటర్లు పరస్పరం సంభాషించుకొనేందుకు 'మిడి' అనే ఉమ్మడి భాష వెలుగులోకి వచ్చినది. 1992లో 'రోజా' చిత్ర గీతాలు వెలువడినప్పుడు, మద్రాసులో తన ఇంటి ఆవరణలోనే స్టూడియో నిర్మించుకొన్న ఏ.ఆర్. రహమాన్ ఎంతటి కొత్త నాదాన్ని వినిపించినాడో మన తెలుగు శ్రోతలకు తెలియనిది కాదు. 2019లో బిల్లీ ఐలిష్ అనే అమెరికన్ యువగాయని తొలి ఆల్బమ్‌ను ఆమె సోదరుడు ఫినియస్ చాలవరకు లాస్ ఏంజిల్స్‌లోని తమ ఇంటి పడకగదిలోనే నిర్మించినాడు. దానికి 2020లో గ్రామీ పురస్కారాలలో ఉత్తమ ఆల్బమ్ బహుమతి లభించినది.

ఇటువంటి ఉదంతాలు విన్న యువకుల హృదయాలలో ఉత్సాహం పొంగడం సహజం. మా కళాశాలలోనూ నాత్‌లు పాడేవారు, గజళ్లకు బాణీలు కట్టేవారు, తెలుగు లలితగీతాలు కూర్చేవారు ఏటేటా కొందరు వస్తూనే ఉన్నారు. వారందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, పాటలు చేయడానికి ఏ కంప్యూటరు కొనమంటారు?" తెలుగు సాహిత్యం బోధించే నాకు ఈ విషయంలో ప్రవేశం ఎట్లా కలిగినదని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. ఒక పొరపాటు నాకు ఈ విద్య నేర్పినది. ముందుగా దానిని చెప్పుకొనడం నా ధర్మం.

ఒక పొరపాటు కథ

కొన్ని సంవత్సరాల క్రిందట మా పూర్వ విద్యార్థి ఒకడు ఇదే ప్రశ్నతో నా వద్దకు వచ్చినాడు. అతని దాదా పల్లెలో పీర్ల పండుగనాడు పాటలు పాడేవారు. హసన్ హుసేనుల త్యాగాన్ని తెలుగు పదాలలో, డప్పు దరువుకు అనుగుణంగా పాడే ఆ పాటలకు అలావా చుట్టూ హిందువులు, ముస్లిములు కలసి అడుగులు వేసేవారు. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. వాటిని దాదా గొంతులోనే భద్రపరచి, తరువాత వాద్యాలు చేర్చి నలుగురికీ వినిపించవలెనని ఆ అబ్బాయి సంకల్పం. వాళ్ల అమ్మీ చీటీ పాడుకొని ఆ సొమ్ము అతని చేతికి ఇచ్చినది.

నాకు ఆనాడు ఏమీ తెలియదు. తెలియదని చెప్పి ఊరుకొన్నా బాగుండేది. "నీ డబ్బుకు వచ్చే వాటిలో అన్నిటికంటె ఖరీదైనది కొను నాయనా, అదే మంచిది అవుతుంది" అన్నాను. దుకాణదారుడు కూడా అదే మాట అన్నాడు. ఫలితంగా అద్దాల పెట్టెలో రంగురంగుల దీపాలు వెలిగే, ఆటల కొరకు తయారైన ఒక యంత్రం ఇంటికి వచ్చినది. సొమ్ము మొత్తం దానికే అయిపోయినది. మంచి మైకు కొనేందుకు ఒక్క రూపాయి మిగలలేదు. చెవులకు పెట్టుకొనే హెడ్‌సెట్ మైకుతోనే దాదా గొంతును ముద్రించవలసి వచ్చినది. ఆ పెద్దాయన మెల్లగా పాడుతూ ఉంటే, పక్కనే ఉన్న యంత్రంలోని నాలుగు ఫ్యానుల హోరు ఆ గొంతు క్రింద నిలిచిపోయినది. "తరువాత మైకు కొని మళ్లీ చేద్దాం" అనుకొన్నారు. ఆరు నెలలు గడిచినవి. ఈలోగా పక్షవాతం వచ్చి దాదాకు మాట పడిపోయినది. మరుసటి సంవత్సరం ఆయన కన్నుమూసినారు.

మిగిలినవి నాలుగు పాటలు. వాటిలోని హోరును తొలగించే సాఫ్ట్‌వేరు లేకపోలేదు. కాని హోరును ఎక్కువగా తుడిస్తే దానితోపాటు గొంతు చివరలు, ఊపిరి, పదాంతంలో సన్నగిల్లే నాదం కూడా తుడిచిపెట్టుకొని పోతాయి. ఆ పాటలను నేను విన్నాను. అప్పటి నుండి ఈ విషయాన్ని తెలిసినవారిని అడిగి, చదివి, చేతనైనంత అర్థం చేసుకొన్నాను. ఆ సారాంశమే ఈ వ్యాసం.

ధ్వని అంకెలుగా మారే విధానం

సంగీతానికి ఎటువంటి కంప్యూటరు కావలెనో తెలియాలంటే, సంగీతం విషయంలో కంప్యూటరు చేసే పని యేమిటో ముందు తెలియవలెను. ధ్వని అనగా గాలిలోని అలజడి. మైకు ఆ అలజడిని విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు హెచ్చుతగ్గులను సెకండుకు 44,100 పర్యాయాలు గాని, 48,000 పర్యాయాలు గాని కొలిచి అంకెలుగా వ్రాసుకొనడమే డిజిటల్ ముద్రణ. ఒక్కొక్క కొలతను నమూనా అంటారు. కాంపాక్టు డిస్కులో ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు కేటాయించినారు. నేటి స్టూడియోలలో సాధారణంగా 24 బిట్లు వాడుతున్నారు.

లెక్క వేసి చూద్దాం. 24 బిట్లు అనగా 3 బైట్లు. సెకండుకు 48,000 నమూనాలు చొప్పున ఒక మైకు నుండి వచ్చే సమాచారం సెకండుకు 1,44,000 బైట్లు, నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు. అయిదు నిమిషాల పాటలో నలభై వరుసలు ఉన్నప్పటికీ మొత్తం సుమారు 1.7 గిగాబైట్లకు మించదు. చలనచిత్రాలను అవలీలగా చూపే నేటి కంప్యూటర్లకు ఇది పెద్ద బరువు కాదు. కావున కేవలం ముద్రించుకొనే పనికి ఖరీదైన యంత్రం అవసరం లేదన్నది మొదటి నిజం.

మరి కష్టం ఎక్కడ? సకాలంలో అందించడంలో ఉన్నది.

బిందెల ఉపమానం

ఒక తొట్టిలో నుండి నీరు ధారగా, ఎడతెగకుండా బయటకు పోతున్నదని ఊహించండి. ఒక పనివాడు బావి నుండి బిందెలతో నీరు తెచ్చి ఆ తొట్టిలో పోస్తున్నాడు. తొట్టి ఎండిపోకముందే తరువాతి బిందె రావలెను. ఒక్క క్షణం ఆలస్యమైనా ధార తెగుతుంది. మన చెవికి వినిపించే ధ్వని ఆ ధార. కంప్యూటరు ఆ పనివాడు. బిందెను సాంకేతికులు 'బఫర్' అంటారు. ధార తెగినప్పుడు వినిపించేవే 'టప్', 'చిట' అనే చప్పుళ్లు.

బిందె పెద్దదైతే పనివాడు తీరికగా నడవవచ్చు. కాని ఆ బిందె నిండే దాకా ఆగవలెను గనుక నీరు ఆలస్యంగా చేరుతుంది. బిందె చిన్నదైతే నీరు వెంటనే అందుతుంది, పనివాడు మాత్రం పరుగులు పెట్టవలెను. ఈ ఆలస్యాన్నే 'లేటెన్సీ' అంటారు. గాయకుడు హెడ్‌ఫోనులో తన గొంతును తానే ఆలస్యంగా వింటే తాళం తప్పుతాడు.

దీనికి కూడా లెక్క ఉన్నది. సెకండుకు 48,000 నమూనాలు తీసుకొనేటప్పుడు, బఫర్‌లో 1,024 నమూనాలు ఉంటే దాని కాలం సుమారు 21 మిల్లీసెకండ్లు. ధ్వని లోపలికి వచ్చేటప్పుడు ఒక బిందె, వెలుపలికి పోయేటప్పుడు ఒక బిందె కలిపి సుమారు 43 మిల్లీసెకండ్లు. ధ్వని గాలిలో ఒక మిల్లీసెకండుకు సుమారు 34 సెంటీమీటర్లు పయనిస్తుంది. అనగా తబలా వాయించేవాడు గాయకునికి పద్నాలుగు మీటర్లకు పైబడిన దూరంలో కూర్చున్నట్లు లెక్క! అదే బఫర్‌ను 128 నమూనాలకు తగ్గిస్తే రెండు బిందెలకు కలిపి సుమారు 5 మిల్లీసెకండ్లే. తబలా గాయకుని పక్కకు వచ్చి కూర్చున్నది. పరికరాలలో మరికొంత ఆలస్యం చేరుతుంది గాని, సూత్రం ఇదే.

కావున సంగీతానికి మంచి కంప్యూటరు అంటే చిన్న బిందెలతో కూడా ధార తెగనీయకుండా, చప్పుడు చేయకుండా పనిచేసేది. సమయపాలన, మౌనం అనే ఈ రెండు గుణాలతోనే తక్కిన భాగాలన్నిటినీ తూచవలెను.

ఇక్కడ ఒక ఉపాయం కూడా చెప్పవలెను. పాడేటప్పుడు బఫర్‌ను తగ్గించుకొని, అన్నీ ముద్రించిన తరువాత వరుసలను సమన్వయం చేసే వేళలో పెంచుకొనవచ్చు. అంతేకాక, చాలా ఆడియో ఇంటర్‌ఫేస్‌లలో గాయకుని గొంతు కంప్యూటరులోకి వెళ్లకుండానే నేరుగా హెడ్‌ఫోనుకు చేరే ఏర్పాటు ఉంటుంది. అది ఉంటే సామాన్యమైన యంత్రం మీద కూడా సుఖంగా పాడుకొనవచ్చు.

ప్రాసెసరు: వంటవారు, దేగ్‌లు

నేటి ప్రాసెసరులో అనేక 'కోర్'లు ఉంటాయి. నాలుగు, ఎనిమిది, పదహారు అని దుకాణదారులు గొప్పగా చెబుతారు. వలీమా విందులో వంటవారు ఎక్కువమంది ఉంటే ఉల్లిపాయలు తరగడం త్వరగా పూర్తవుతుంది. కాని ఒక దేగ్ బిర్యానీలో మాంసం నానవలెను, అన్నం సగం ఉడకవలెను, ఆ పైన దమ్ము పట్టవలెను. ఒకదాని తరువాత ఒకటి జరగవలసిన ఈ పనులు పదిమంది వంటవారు ఉన్నంత మాత్రాన పదోవంతు కాలంలో ముగియవు.

పాటలోని ఒక్కొక్క వరుస ఒక్కొక్క దేగ్ వంటిది. గొంతుకు ముందు ఒక సంస్కారం, తరువాత ఒకటి, చివర ప్రతిధ్వని చేర్చడం వరుసగా జరుగుతాయి. వేర్వేరు వరుసలను వేర్వేరు కోర్‌లు పంచుకొంటాయి గాని, ఒక వరుసలోని గొలుసును సాధారణంగా ఒక్క కోరే మోయవలెను. అన్ని వరుసలూ కలిసే చివరి గొలుసు పరిస్థితి కూడా అంతే. అందువలన కోర్‌ల సంఖ్య ఎంత ముఖ్యమో, ఒక్కొక్క కోర్ వేగం కూడా అంతే ముఖ్యం. పాత తరానికి చెందిన పదహారు కోర్‌ల కంటె, ఇటీవలి తరానికి చెందిన ఆరు లేక ఎనిమిది కోర్‌ల ప్రాసెసరు ఇంటి స్టూడియోకు మేలైనది కావచ్చు.

ర్యామ్, నిల్వ, గ్రాఫిక్స్

ర్యామ్ అనగా రాసుకొనే బల్ల. డిస్కు అనగా గోడ అల్మారా. బల్ల చిన్నదైతే ప్రతిదానికీ అల్మారా దగ్గరకు నడవవలెను. గొంతు, హార్మోనియం, ఢోలక్ వంటి సజీవ ధ్వనులను ముద్రించేవారికి పెద్ద బల్లతో పని లేదు. నమూనా వాద్యాలు వాడేవారి సంగతి వేరు. పియానోలోని 88 మెట్లలో ఒక్కొక్కదానిని మెల్లగా, మధ్యమంగా, గట్టిగా నొక్కి ముద్రించిన ధ్వనులన్నిటి సముదాయమే ఒక నమూనా వాద్యం. ఇటువంటివి ఒక్కొక్కటి పదుల గిగాబైట్లు ఉండవచ్చు. ప్రతి స్వరం మొదటి ముక్కను ర్యామ్‌లో సిద్ధంగా ఉంచుకొని, తక్కిన దానిని డిస్కు నుండి అప్పటికప్పుడు తెచ్చుకొనడం ఆ సాఫ్ట్‌వేర్ల పద్ధతి.

ఈ లెక్కన ఎనిమిది గిగాబైట్ల ర్యామ్‌తో ప్రారంభించవచ్చును గాని త్వరలోనే ఇరుకనిపిస్తుంది. ఎక్కువమందికి 16 గిగాబైట్లు సరిపోతాయి. నమూనా వాద్యాలు ఎక్కువగా వాడేవారికి 32. చలనచిత్ర నేపథ్య సంగీతానికై సంపూర్ణ వాద్యబృందాన్ని యంత్రంలోనే కూర్చేవారికి 64 లేక అంతకు మించి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో, నేటి ఆపిల్ మాక్ యంత్రాలన్నిటిలో ర్యామ్‌ను తరువాత పెంచుకొనే వీలు లేదని మరువరాదు. అటువంటివి కొనేటప్పుడు రేపటి అవసరాన్ని కూడా నేడే ఊహించవలెను.

నిల్వ విషయంలో ఎస్.ఎస్.డి. తప్పనిసరి. తిరిగే పళ్లేల హార్డుడిస్కు నమూనా వాద్యాలకు నెమ్మది. పైగా దానికి చప్పుడు ఉన్నది. ఎస్.ఎస్.డి.లో కూడా సాటా రకం సెకండుకు సుమారు 500 మెగాబైట్లు చదివితే, ఎన్.వి.ఎం.ఇ. రకం వేల మెగాబైట్లు చదువుతుంది. గొంతు ముద్రించేవారికి మొదటిదే పుష్కలం. పాత హార్డుడిస్కును పారవేయనక్కరలేదు. పని ముగిసిన పాటల రెండవ ప్రతిని దానిలో దాచి మరొక చోట ఉంచవలెను. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న ముద్రణకు భద్రత లేదు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. ఆటలు ఆడేవారికి, దృశ్యాలు కూర్చేవారికి ఇది ప్రాణం. సంగీత సాఫ్ట్‌వేర్లలో అత్యధికం దీనిని దాదాపుగా వాడుకొనవు. ప్రాసెసరులోనే అమరి ఉన్న చిత్రప్రదర్శన శక్తి మనకు చాలు. మా విద్యార్థి సొమ్ములో పెద్ద భాగం ఈ కార్డుకే పోయినది. అది అతని పాటకు చేసిన ఉపకారం ఏదీ లేకపోగా, తన వేడిని చల్లార్చుకొనేందుకు ఫ్యానులను తిప్పి అపకారం చేసినది.

మౌనం అనే గుణం

కంప్యూటర్ల ప్రకటనలలో మౌనం గురించిన మాట అరుదు. గాయకుడు, మైకు, యంత్రం ఒకే గదిలో ఉండే మన ఇళ్లలో ఇది ప్రాసెసరు వేగంతో సమానమైన గుణం. తంబురా శ్రుతి సన్నగిల్లి నిశ్శబ్దంలో కలిసే క్షణంలో ఫ్యాను హోరు వినిపిస్తే ముద్రణ చెడినట్లే. 2020 నవంబరు నుండి వచ్చిన మాక్‌బుక్ ఎయిర్‌లలో అసలు ఫ్యానే లేదు. అయితే సుదీర్ఘమైన బరువు పనిలో వేడెక్కినప్పుడు అది తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. డెస్క్‌టాప్ కొనేవారు పెద్ద ఫ్యానులు నెమ్మదిగా తిరిగే పెట్టెను ఎన్నుకొనడం మంచిది. చిన్న ఫ్యాను వేగంగా తిరిగితే ఎక్కువ కూత పెడుతుంది.

మన వేసవి ఎండలను కూడా లెక్కలోనికి తీసుకొనవలెను. గది వేడిగా ఉంటే యంత్రం ఫ్యాను హెచ్చుతుంది, వేగం తగ్గుతుంది. ముద్రణ వేళ పైకప్పు ఫ్యానును ఆపవలసిందే గనుక తెల్లవారుజామున గాని, రాత్రి గాని పని పెట్టుకొనడం ఉత్తమం. కరెంటు విషయానికి వస్తే, డెస్క్‌టాప్‌కు యు.పి.ఎస్. ఉండి తీరవలెను. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీయే రక్ష. ఎర్తు సరిగా లేని ఇళ్లలో 50 హెర్ట్జ్‌ల కరెంటు గుంయికారం ముద్రణలో చేరుతుంది. అప్పుడు ఛార్జరు తీసివేసి బ్యాటరీపై ముద్రిస్తే అది తొలగే అవకాశం ఉన్నది.

మాక్ లేక విండోస్?

ఈ విషయంలో వాదోపవాదాలకు అంతం లేదు. మొదట సాఫ్ట్‌వేరును ఎన్నుకొని, తరువాత యంత్రాన్ని ఎన్నుకొనడమే సరియైన క్రమం. లాజిక్ ప్రో అనే సాఫ్ట్‌వేరు కావలసినవారు ఆపిల్ యంత్రాన్నే కొనవలెను. క్యూబేస్, ఏబుల్టన్ లైవ్, ఎఫ్.ఎల్. స్టూడియో, ప్రో టూల్స్, రీపర్ రెండింటిలోనూ నడుస్తాయి. మాక్‌లో ధ్వని వ్యవస్థ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే చక్కగా ఇమిడి ఉన్నది. గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా లభిస్తుంది. విండోస్‌లో తక్కువ ఆలస్యం కొరకు స్టైన్‌బర్గ్ కంపెనీ రూపొందించిన ఏషియో అనే డ్రైవరు పద్ధతి వాడుకలో ఉన్నది. మంచి ఇంటర్‌ఫేస్ తయారీదారులు తమ పరికరంతో ఆ డ్రైవరును ఇస్తారు.

విండోస్ యంత్రాలలో ఒక చిక్కు ఉన్నది. ప్రాసెసరు ఎంత శక్తిమంతమైనా, వైఫై వంటి ఏదో ఒక పరికరపు డ్రైవరు మధ్యలో అడ్డుపడి ధారను తెంపవచ్చు. లేటెన్సీమాన్ అనే చిన్న సాఫ్ట్‌వేరు ఆ దోషాన్ని బయటపెడుతుంది. దుకాణంలో పావుగంట దానిని నడిపి చూడడం వందల పేజీల ప్రకటనల కంటె మేలు.

పాత యంత్రం కొనడం సిగ్గుపడవలసిన పని కాదు. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక, విండోస్ 11కు అర్హత గల యంత్రాన్నే చూడవలెను. ఇంటెల్ ప్రాసెసరు గలదైతే ఎనిమిదవ తరం లేక అంతకు తరువాతిది కావలెను. ఆపిల్ కంపెనీ 2020 నవంబరు నుండి తన సొంత ప్రాసెసర్లకు మారినది. కావున చవకగా వస్తున్నవని పాత ఇంటెల్ మాక్‌లను కొనేవారు ఆలోచించి అడుగు వేయవలెను.

సాఫ్ట్‌వేరు దొంగ ప్రతుల గురించి ఒక మాట. మన పాటను మరొకడు అపహరిస్తే మనం బాధపడతాము. మన పాటను నిర్మించే పనిముట్టునే అపహరించడం న్యాయం కాదు. రీపర్‌ను 60 దినాలు పరీక్షించి, తరువాత అందుబాటు ధరకు కొనుక్కొనవచ్చు. ఆడాసిటీ పూర్తిగా ఉచితం.

మూడు రకాల పనులు, మూడు రకాల యంత్రాలు

మొదటిది, ఒంటరి గాయకుని పని. నాత్, గజల్, లలితగీతం పాడి, ఒకటి రెండు వాద్యాలు తరువాత చేర్చుకొనేవారికి ఇటీవలి తరపు మధ్యరకం ప్రాసెసరు, 16 గిగాబైట్ల ర్యామ్, 512 గిగాబైట్ల ఎస్.ఎస్.డి., రెండు మైకుల ఇంటర్‌ఫేస్ చాలును.

రెండవది, బృందగానం. ఖవ్వాలీ బృందంలో ముఖ్య గాయకులు, వంతపాట, హార్మోనియం, తబలా, ఢోలక్, చప్పట్లు ఏకకాలంలో సాగుతాయి. బుర్రకథలో కథకుని తంబురా, ఇరువైపుల గుమ్మెటలు, ముగ్గురి మాటలు ఒకదానిపై ఒకటి పడతాయి. ముస్లిం కుటుంబంలో జన్మించి తెలుగు బుర్రకథకు పర్యాయపదమైన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించినది. అటువంటి కళారూపాలను ముద్రించేందుకు ఎనిమిది మైకులు అవసరమనుకొందాం. సెకండుకు 92 లక్షల బిట్ల సమాచారం వస్తుంది. పాత యు.ఎస్.బి. 2 తీగ సామర్థ్యం సెకండుకు 48 కోట్ల బిట్లు! కావున ఇక్కడ కూడా కంప్యూటరు పెద్దది కానక్కరలేదు. మొదటి రకానికి చెప్పినదే సరిపోతుంది. ఖర్చు పెట్టవలసినది ఎనిమిది దారుల ఇంటర్‌ఫేస్ మీద, మైకుల మీద.

మూడవది, యంత్రంలోనే వాద్యబృందాన్ని సృష్టించే పని. వయొలిన్లు, చెల్లోలు, వేణువులు, భేరులు అన్నీ నమూనా వాద్యాలే. ఎనిమిదికి తగ్గని వేగవంతమైన కోర్‌లు, 32 నుండి 64 గిగాబైట్ల ర్యామ్, ఒకటి రెండు టెరాబైట్ల ఎన్.వి.ఎం.ఇ. నిల్వ ఇక్కడ అవసరమే. ఖరీదైన కంప్యూటరు సార్థకమయ్యేది ఈ ఒక్క తావులోనే. మన విద్యార్థులలో ఇంతటి పని చేసేవారు ఎందరో ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను.

సొమ్ము పంపకం

చేతిలో ఉన్న సొమ్ములో సగానికి మించి కంప్యూటరుపై వెచ్చించరాదని నా అభిప్రాయం. మిగిలిన సగంలో మైకు, ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోను, మైకు స్టాండు రావలెను. గదిలోని ప్రతిధ్వనిని అణచేందుకు ఇంట్లోని బొంతలు, రజాయిలు గాయకుని వెనుక, పక్కల వ్రేలాడదీస్తే అందుకు ఖర్చు ఉండదు. యంత్రం ఏటేటా పాతబడుతుంది. మంచి మైకు జాగ్రత్తగా వాడితే దశాబ్దాలు నిలుస్తుంది.

దుకాణానికి వెళ్లేముందు ఈ అయిదు ప్రశ్నలు కాగితంపై వ్రాసుకొని వెళ్లండి:

1. నేను వాడదలచిన సాఫ్ట్‌వేరు పేరేమి? అది ఏ యంత్రంపై నడుస్తుంది?
2. ఒకేసారి ఎన్ని మైకులు ముద్రించవలెను?
3. సజీవ ధ్వనులు ఎక్కువా, నమూనా వాద్యాలు ఎక్కువా?
4. ఈ యంత్రం పావుగంట పనిచేసిన తరువాత ఎంత చప్పుడు చేస్తుంది?
5. ర్యామ్‌ను, నిల్వను తరువాత పెంచుకొనగలనా?

నాలుగవ ప్రశ్నకు దుకాణంలో జవాబు దొరకడం కష్టం. వీధి రొదలో ఫ్యాను వినిపించదు. అదే యంత్రం ఉన్న మిత్రుని ఇంటికి రాత్రివేళ వెళ్లి వినడమే మార్గం.

ముగింపు

మా పూర్వ విద్యార్థి తరువాత ఏమి చేసినాడో చెప్పి విరమిస్తాను. అతని ప్రాసెసరులోనే చిత్రప్రదర్శన శక్తి ఉన్నదని తెలిసిన పిమ్మట, గ్రాఫిక్స్ కార్డును అమ్మివేసినాడు. ఆ సొమ్ముతో ఒక మైకు, రెండు దారుల ఇంటర్‌ఫేస్ కొన్నాడు. ఫ్యానులు రెండు తీసివేసినాడు. ఇప్పుడా యంత్రం నెమ్మదిగా, చప్పుడు లేకుండా పనిచేస్తున్నది. సెలవు దినాలలో చుట్టుపక్కల పల్లెలలోని పీర్ల చావిళ్లకు వెళ్లి, ఇంకా పాడగలిగిన పెద్దలను ఇంటికి తీసుకొనివచ్చి ముద్రిస్తున్నాడు. దాదా పాడిన నాలుగు పాటలలో ఒకదాని చివరి చరణం హోరులో కలిసిపోయినది. ఆ మాటలు తెలిసినవారు ఎవరైనా దొరుకుతారేమోనని నేటికీ ప్రతి ఊరిలో అడుగుతూనే ఉన్నాడు. ఇంతవరకు దొరకలేదు.

విద్యార్థులారా, కంప్యూటరును తొందరపడక ఎన్నుకొనండి. ఆరు నెలలు ఆగినా నష్టం లేదు. ఇంతకంటె మంచిదే వస్తుంది. కాని మీ ఇంటిలో పాడగలిగిన వృద్ధులు ఉంటే వారి విషయంలో ఆగవద్దు. నేడే కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, మీ చేతిలోని ఫోనును వారి ముందు మూరెడు దూరంలో ఉంచి పాడించండి. మంచి యంత్రం వచ్చిన తరువాత ఆ గొంతుకు వాద్యాలు చేర్చుకొనవచ్చు.